పీ0011 కోడ్ వచ్చిందంటే చైన్ కిట్ మొత్తం మార్చాల్సిందేనా?

ముందు మీ బండి సంగతి నాకు అర్థమైనంతలో ఒకసారి చెప్తాను, తేడా ఉంటే సరిదిద్దండి. 2014 మోడల్ 1.2 లీటర్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నారు, ఇప్పటికి 84,000 కిలోమీటర్లు. మూడు వారాలుగా చెక్ ఇంజిన్ లైటు వెలుగుతోంది, స్కానర్‌లో కోడ్ పీ0011, ఇంజిన్ వాల్వుల టైమింగ్‌కు సంబంధించినది. పొద్దున స్టార్ట్ చేస్తే ఏ గొడవా లేదు. బెంగళూరు మారతహళ్లి నుంచి బయల్దేరి అరగంట నడిచాక సిగ్నల్ దగ్గర ఆగితే వణుకుతుంది. సిల్క్ బోర్డు జంక్షన్ దగ్గర రెండుసార్లు ఏకంగా ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ చేస్తే కాసేపు బాగుంటుంది. గ్యారేజీలో ఫేజర్, టైమింగ్ చైన్ కిట్, ఆయిల్ కంట్రోల్ వాల్వ్ అన్నీ మార్చాలి, 42,000 అవుతుందన్నారు. "ఇంత నిజంగా అవసరమా అన్నా?" అని మీ ప్రశ్న.

ఇప్పుడే డబ్బు కట్టకండి. ఆ గ్యారేజీ వాళ్లు మోసం చేస్తున్నారని అనడం లేదు, చివరికి వాళ్లు చెప్పిందే నిజమూ కావచ్చు. కానీ మీరు రాసిన నాలుగు ముక్కల్లోనే సగం సమాధానం ఉంది. పొద్దున బాగుండటం, వేడెక్కాక ఆగిపోవడం, మళ్లీ స్టార్ట్ చేస్తే కాసేపు సర్దుకోవడం. చైన్ సాగిన బండి ఇలా ప్రవర్తించదు. సాగిన చైన్ పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉండదు కదా.

లోపల ఏం జరుగుతుందో తెలిస్తే ఇది వెంటనే అర్థమవుతుంది. సిలిండర్‌లోకి గాలి వచ్చే వాల్వులను తెరిచే కడ్డీ ఇన్‌టేక్ క్యామ్. దాని చివర పళ్ల చక్రం ఉంటుంది, పిస్టన్లు తిప్పే క్రాంక్ నుంచి వచ్చే టైమింగ్ చైన్ దాన్ని తిప్పుతుంది. పాత ఇంజిన్లలో ఆ చక్రాన్ని క్యామ్‌కు బోల్టుతో బిగించేసేవారు, ఇక కదిలే పనే లేదు. వాల్వులు తెరిచే వేళను మార్చుకోగల వేరియబుల్ వాల్వ్ టైమింగ్ బండిలో ఆ చక్రం లోపల బోలుగా ఉంటుంది, అందులో రెక్కలున్న ఇంకో చక్రం క్యామ్‌కు బిగించి ఉంటుంది. ఒక్కో రెక్కకు అటొక గది, ఇటొక గది. ఈ గదిలోకి ఆయిల్ తోస్తే క్యామ్ కాస్త ముందుకు తిరుగుతుంది, ఆ గదిలోకి తోస్తే వెనక్కి. దీన్నే ఫేజర్ అంటాం. చాలా బండ్లలో ఇది క్రాంక్ లెక్కన మొత్తం 40 నుంచి 50 డిగ్రీల దాకా తిరగగలదు.

ఆయిల్ ఏ గదిలోకి పోవాలో చెప్పేది ఆయిల్ కంట్రోల్ వాల్వ్. మా పలమనేరు పక్క మడికి నీళ్లు కట్టినవాళ్లకు దీన్ని వేరే చెప్పక్కర్లేదు. కాలువ ఒకటే, మడులు రెండు. మడవ ఇటు తీస్తే ఈ మడికి, అటు తీస్తే ఆ మడికి, రెండూ మూస్తే నీళ్లు ఎక్కడివక్కడే. ఇక్కడ మడవ తిప్పేవాడు ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్, సెకనుకు వందలసార్లు కరెంటు ఇచ్చి ఆపుతూ వాల్వ్‌లోని చిన్న కడ్డీని కావలసినంత జరుపుతుంటాడు. ఆ కడ్డీని స్పూల్ అంటారు. ఇంజిన్ ఆపితే ఆయిల్ ప్రెషర్ పడిపోతుంది, ఫేజర్ మొదటి స్థానానికి వచ్చినప్పుడు ఒక చిన్న పిన్ను పడి లాక్ అవుతుంది.

ఇప్పుడు మీ బండి కథ చూడండి. పొద్దున ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఈసీయూ మడవ జోలికి పోదు, ఫేజర్ పిన్ను మీద లాక్ అయి ఉంటుంది. అందుకే ఐడ్లింగ్ బాగుంటుంది. వేడెక్కి, రోడ్డు మీద కాస్త వేగం అందుకున్నాక ఇన్‌టేక్ క్యామ్‌ను ముందుకు తిప్పుతుంది. అది కావలసిందే, పికప్పు, మైలేజీ అక్కడే వస్తాయి. సిగ్నల్ దగ్గర కాలు తీసేసరికి క్యామ్ వెనక్కి రావాలి. రాకుండా ముందే ఇరుక్కుంటే ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ ఒకేసారి తెరిచి ఉండే సమయం ఎక్కువైపోతుంది. కాలిన పొగ మళ్లీ సిలిండర్‌లోకే దూరుతుంది. ఎక్కువ ఆర్‌పీఎమ్‌లో దాన్ని ఇంజిన్ తట్టుకుంటుంది, 700 ఆర్‌పీఎమ్ దగ్గర తట్టుకోలేదు. వణుకు, మిస్సింగ్, చివరికి ఆగిపోవడం. మళ్లీ సెల్ఫ్ కొట్టినప్పుడు ప్రెషర్ లేదు కాబట్టి క్యామ్ తిరగడానికి పడే బిగువుకే ఫేజర్ వెనకబడి పిన్ను మీద కూర్చుంటుంది. ఇంకో పది నిమిషాలు బాగుంటుంది. మీరు రాసింది అచ్చంగా ఇదే.

దీనికి ఉల్టా కేసు కూడా గుర్తుపెట్టుకోండి. క్యామ్ వెనకే ఇరుక్కుని ముందుకు రాకపోతే ఐడ్లింగ్ వెన్నలా ఉంటుంది, కానీ రోడ్డు మీద గుంజుడు ఉండదు, మైలేజీ పడిపోతుంది. అలాంటివాళ్లు క్లచ్ ప్లేట్లు మార్పించుకుని, ఇంజెక్టర్లు కడిగించుకుని చివరికి నా దగ్గరికి వస్తుంటారు. లైటు ఆలస్యంగా వెలగడమో, అసలు వెలగకపోవడమో కూడా జరుగుతుంది.

కోడ్ విషయం. పీ0011 అంటే ఈసీయూ చెప్పేది ఇంతే: "ఇన్‌టేక్ క్యామ్ నేను చెప్పినదానికన్నా ముందుంది, లేదా చెప్పినట్టు నడవడం లేదు." ఎవరి వల్ల అన్నది అందులో లేదు. ఫలానా పార్టు పోయిందని ఆ కోడ్ చెప్తోందని ఎవరైనా అంటే వాళ్లు స్కానర్ తెర చదివారు, బండిని చూడలేదు. పీ0012 అయితే అదే క్యామ్ వెనకబడిందని. పీ0014, పీ0015 ఎగ్జాస్ట్ క్యామ్‌వి. పీ0010 మాత్రం వేరే జాతి, అది వాల్వ్ కరెంటు దారిలో తెగుడో షార్టో ఉందని చెప్పే కోడ్. అది వస్తే ఆయిల్ జోలికి పోకుండా నేరుగా వైర్ల దగ్గరికి వెళ్లాలి. పీ0016 అంటే క్రాంక్‌కూ క్యామ్‌కూ పొత్తు కుదరడం లేదని, అంటే ఫేజర్ మొదటి స్థానంలో ఉన్నప్పుడు కూడా లెక్క తప్పుతోందని. చైన్ సాగడం, పన్ను జారడం లాంటివి అక్కడ ముందు అనుమానించాలి. మీ బండిలో పీ0016 లేదు. అది లేకుండా 84,000కే చైన్ కిట్ మార్చాలంటే నాకు ఇంకేదైనా ఆధారం కావాలి.

ఇక పని ఎక్కడ మొదలుపెట్టాలి. నేనైతే డిప్‌స్టిక్ దగ్గర.

నవ్వకండి. ఈ సిస్టమ్ మొత్తం ఆయిల్‌తో నడిచే యంత్రం. ఇందులో ఆయిల్ అరగకుండా కాపాడేది మాత్రమే కాదు, పని చేసే చెయ్యి కూడా అదే. బండి చదునైన చోట ఆపి, పది నిమిషాలు ఆగి చూడండి. కింది గీత కంటే తక్కువుంటే సంగతి సగం తేలినట్టే. పై గీత దాటి పోసినా కష్టమే, క్రాంక్ ఆ ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది, నురగతో ఫేజర్ గట్టిగా నిలబడదు. వేళ్ల మధ్య రుద్ది వాసన చూడండి. పెట్రోలు వాసన గట్టిగా వస్తే ఆయిల్ పలచబడిందని అర్థం. రోజూ రెండు మూడు కిలోమీటర్లు మాత్రమే నడిపి ఆపేసే బండ్లలో ఇది చూస్తుంటాను.

రెండోది గ్రేడు, అంటే ఆయిల్ చిక్కదనం. రెండు నెలల కింద ఆయిల్ మార్పించానని రాశారు, ఏ గ్రేడు పోశారో రాయలేదు. బిల్లు వెతకండి. ఈ తరం చిన్న పెట్రోల్ ఇంజిన్లకు సాధారణంగా 5డబ్ల్యూ-30, కొన్నిటికి 0డబ్ల్యూ-20 చెప్తారు, మీ బండికి ఏదో మాన్యువల్‌లోనే ఉంటుంది. "పాత బండి సార్, చిక్కటి ఆయిల్ పోస్తే ఇంజిన్ సౌండ్ తగ్గుతుంది" అని 20డబ్ల్యూ-50 పోసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. సౌండ్ తగ్గుతుంది, నిజమే. కానీ ఫేజర్‌లోని సన్నటి దారుల్లో ఆ ఆయిల్ నిదానంగా కదులుతుంది. ఈసీయూ ఇంత సేపట్లో క్యామ్ అక్కడికి చేరాలని చూస్తుంటుంది, చేరదు, కోడ్ పడుతుంది. మా బంధువు ఒకాయన బండి చిత్తూరు నుంచి ఇలాగే వచ్చింది. సరైన ఆయిల్, కొత్త ఫిల్టరు వేసి, 1,200 కిలోమీటర్లు నడిపించి, మళ్లీ ఆయిల్ మార్చాను. ఒక్క పార్టు కూడా మార్చలేదు.

ఇక్కడ బెంగళూరు వాళ్లు ఒక లెక్క వేసుకోవాలి. పది వేల కిలోమీటర్లకోసారి ఆయిల్ అంటారు. మీ డ్యాష్‌బోర్డులో యావరేజ్ స్పీడ్ ఎంత చూపిస్తోందో చూడండి. నా దగ్గరికి వచ్చే ఔటర్ రింగ్ రోడ్డు బండ్లలో 18, 20 చూస్తుంటాను. 20 లెక్కన పది వేల కిలోమీటర్లంటే ఇంజిన్ 500 గంటలు తిరిగినట్టు. అవే 500 గంటలు హైవే మీద గంటకు 60 చొప్పున తిరిగితే 30,000 కిలోమీటర్లు. అంత దూరం ఒకే ఆయిల్‌తో ఎవరైనా నడుపుతారా? టిన్ ఫ్యాక్టరీ జంక్షన్ ట్రాఫిక్‌లో నిలబడ్డ బండికి మీటరు తిరగదు, ఆయిల్ మాత్రం కాలుతూనే ఉంటుంది. కాబట్టి ఈ ఊళ్లో అయిదు, ఆరు వేలకో, ఆరు నెలలకో మార్చమంటాను. ఏ కంపెనీ అన్నది నాకు పట్టదు, గ్రేడు సరిగ్గా ఉండి, డబ్బా అసలుదైతే చాలు.

మూడోది, ఇంట్లోనే మీరు చేయగల పరీక్ష, పైసా ఖర్చు లేదు. ఆయిల్ కంట్రోల్ వాల్వ్ ఎక్కడుందో ముందే చూసి పెట్టుకోండి. చాలా ఇంజిన్లలో హెడ్ పైభాగాన, చైన్ ఉన్న వైపు, వేలెడంత లోహపు గొట్టంలా ఉంటుంది, రెండు వైర్ల కప్లర్, ఒక 10 ఎంఎం బోల్టు. బండి వణుకుతున్నప్పుడే పక్కకు ఆపి, బానెట్ ఎత్తి, ఆ కప్లర్ పీకండి. ఫ్యాన్‌కు, బెల్టుకు చేతులు దూరంగా పెట్టండి. పీకగానే కొద్ది సెకన్లలో ఐడ్లింగ్ కుదుటపడితే వాల్వ్ మంచిదే, తప్పుడు కరెంటు ఎక్కడినుంచో వస్తోంది. వైరింగ్ చూడాలి. పీకినా అలాగే వణుకుతుంటే కరెంటు లేకపోయినా స్పూల్ వెనక్కి రాలేదన్నమాట, లేదా ఫేజరే ఇరుక్కుంది. మీ బండిలో కప్లర్ పీకినా వణుకు ఆగదనే నా అంచనా. కప్లర్ పీకినందుకు పీ0010 అదనంగా పడుతుంది, కంగారు పడకండి, తర్వాత చెరిపేయొచ్చు.

ఆ కప్లర్ లోపల ఒకసారి తొంగి చూడండి కూడా. పిన్నుల మీద ఆయిల్ తడి ఉందంటే వాల్వ్ కాయిల్ సీలు కారుతోంది. ఎలుకల సంగతి చెప్పక్కర్లేదు. అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో పెట్టే బండ్లకు వైర్లు కొరికేసిన కేసులు నెలకు రెండైనా వస్తాయి.

మీ దగ్గర ఉన్నది రెండు వేల లోపు బ్లూటూత్ స్కానర్ అన్నారు. అలాంటివాటిలో క్యామ్ ఎక్కడుండాలి, ఎక్కడుంది అనే రెండు అంకెలు చాలాసార్లు కనిపించవు. అవి కంపెనీ సొంత డేటా, మంచి స్కానర్ కావాలి. కానీ ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ ప్రెషర్, అంటే ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారిలోని ఒత్తిడి, దాదాపు అన్ని స్కానర్లలో కనిపిస్తుంది, అదే మనకు దొడ్డిదారి. ఇంజిన్ ఆపి, తాళం ఆన్ చేసి చూస్తే బెంగళూరులో 90, 91 కిలోపాస్కల్ చూపించాలి. చెన్నైలో అయితే 101 దగ్గర. మనం సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉన్నాం కదా, గాలి పలచన. ఇది తెలియక 90 చూసి సెన్సర్ పోయిందని మార్చినవాళ్లున్నారు. ఇప్పుడు స్టార్ట్ చేసి, బాగా వేడెక్కాక, ఏసీ ఆపి ఐడ్లింగ్‌లో చూడండి. ఆరోగ్యంగా ఉన్న చిన్న ఇంజిన్ 30, 35 మధ్య ఉంటుంది. పొద్దున బాగున్నప్పుడు ఒకసారి, వణుకుతున్నప్పుడు ఒకసారి రాసుకోండి. వణికేటప్పుడు 45 దాటితే క్యామ్ ముందే ఇరుక్కుందన్న అనుమానం గట్టిపడుతుంది. గాలి లీకు ఉన్నా ఇది పెరుగుతుంది, కానీ అప్పుడు మామూలుగా ఆర్‌పీఎమ్ పైకి పోతుంది, మీది కిందికి పోతోంది.

మంచి స్కానర్ ఉన్న షెడ్డుకు వెళ్తే ఆ రెండు అంకెలూ అడిగి చూడండి. ఐడ్లింగ్‌లో ఇన్‌టేక్ క్యామ్ సున్నా దగ్గర ఉండాలి. నాలుగో గేరులో 60 మీద నిలకడగా వెళ్తుంటే ఇరవై, ముప్పై డిగ్రీల దాకా ముందుకు పోవచ్చు. అడిగినదీ, వచ్చినదీ ఒకదాని వెనక ఒకటి నీడలా నడవాలి. అడిగింది సున్నా అయినా వచ్చింది 22 దగ్గరే నిలబడి ఉంటే ఇరుక్కుంది. చివరికి వచ్చినా ఆలస్యంగా వస్తుంటే ఆయిల్ చిక్కదనమో, ప్రెషరో, మడ్డో.

ఇక వాల్వ్ తీయడం. ఇక్కడ కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే నేను నేర్చుకున్నది ఇక్కడే, అదీ సొంత తప్పుతో.

పదేళ్ల కిందటి మాట. మా షెడ్డులో ఒక బండికి చైన్ కవర్ దగ్గర ఆయిల్ లీకు ఆపడానికి కవర్ విప్పి మళ్లీ అతికించాం. మా కుర్రాడు గమ్ము కాస్త ధారాళంగా పట్టించాడు. బయటికి పొంగింది తుడిచాడు, లోపలికి పొంగింది ఎవరికి కనపడుతుంది? మూడు నెలలకు అదే బండి పీ0011తో వచ్చింది. నేను కొత్త క్యామ్ సెన్సర్ వేశాను, పోలేదు. ఫేజర్ తెప్పిద్దామని జేసీ రోడ్డులోని స్పేర్ పార్టుల షాపుకు ఫోన్ కూడా చేశాను. ఎందుకో చెయ్యాడక ముందు వాల్వ్ తీశాను. దాని ఒంటి మీద గాడుల చుట్టూ సన్నటి జాలీ ఉంటుంది. టార్చి వేసి చూస్తే ఒక గాడిలో జాలీ అంచు కింద బూడిదరంగు గమ్ము ముక్క, సగం బియ్యపు గింజంత. ఇంకోటి స్పూల్ అంచుకు అడ్డంగా నలిగి పడి ఉంది. పిన్నీసు కొసతో లాగితే రబ్బరులా సాగి ఊడి వచ్చింది. ఆ సెన్సర్ డబ్బు నేను కస్టమర్ దగ్గర తీసుకోలేదు. అప్పటినుంచి ఏ కవర్ అతికించినా గమ్ము పూస మూడు ఎంఎం దాటితే ఒప్పుకోను.

కాబట్టి మీ బండిని మీ ముందు ఓనరు ఎప్పుడైనా ట్యాపెట్ కవరో, చైన్ కవరో విప్పించాడా అని కనుక్కోండి. కవర్ అంచుల్లో కొత్త గమ్ము రంగు కనిపిస్తే అదొక ఆధారం.

వాల్వ్ బయటికి తీశాక ముందు మల్టీమీటరుతో రెండు పిన్నుల మధ్య ఓంలు చూడండి. చల్లగా ఉన్నప్పుడు చాలా బండ్లలో 7 ఓంల అటూ ఇటూ వస్తుంది. మీటరు వైర్లను ఒకదానికొకటి తాకించి వచ్చే అంకెను అందులోంచి తీసేయడం మరచిపోకండి. ఏమీ చూపించకపోతే కాయిల్ తెగింది, ఒకటి రెండు ఓంలే చూపిస్తే షార్టు. తర్వాత బ్యాటరీ నుంచి రెండు వైర్లు తీసి 12 వోల్టులు తాకించండి, ఒక సెకను చాలు, పట్టుకుని కూర్చుంటే కాయిల్ కాలిపోతుంది. టక్ మని స్పూల్ ముందుకు దూకాలి, తీయగానే అంతే చురుగ్గా వెనక్కి రావాలి. చప్పుడు ఒక్కటే నమ్మకండి. గాడిలోంచి చూస్తూ చేయండి, టక్ మన్నా సగం దూరమే కదిలే వాల్వులు నేను చాలా చూశాను. మీ కేసులో వెళ్లడం చురుగ్గా ఉండి, రావడం బద్ధకంగా ఉండొచ్చు. వేడెక్కాకే ఇరుక్కుంటోంది కాబట్టి మరిగిన నీళ్లలో కప్లర్ వైపు తడవకుండా రెండు నిమిషాలు ముంచి మళ్లీ చేయండి. చల్లగా పాసై వేడిలో ఫెయిలయ్యేవి ఉంటాయి.

మడ్డి, ముక్కలు ఉంటే కార్బ్ క్లీనర్ కొట్టి, స్పూల్‌ను కదిలిస్తూ కడగండి. గీకకండి, స్పూల్‌కూ గొట్టానికీ మధ్య సందు వెంట్రుక కంటే సన్నం. వాల్వ్ దూరే రంధ్రాన్ని కూడా నూలుపోగులు రాలని గుడ్డతో తుడవండి. కొన్ని ఇంజిన్లలో ఆయిల్ వచ్చే దారిలో హెడ్‌లోనే ఇంకో చిన్న ఫిల్టరు విడిగా ఉంటుంది, ఒక బోల్టు వెనక. అది చాలామందికి తెలియక అలాగే వదిలేస్తారు. తిరిగి బిగించేటప్పుడు కొత్త ఓ రింగు వేసి, దానికి కాస్త ఇంజిన్ ఆయిల్ రాయండి. ఆ 10 ఎంఎం బోల్టుకు 10 న్యూటన్ మీటర్ల బిగువు చాలు, అంటే మణికట్టు బలం. అల్యూమినియం హెడ్‌లో మర పోతే అప్పుడు నిజంగానే పెద్ద ఖర్చు.

బిగించాక ఇంకో పరీక్ష. ఇంజిన్ వేడి మీద ఐడ్లింగ్‌లో ఉండగా, కప్లర్ పీకి, వాల్వ్‌కు నేరుగా 12 వోల్టులు ఒకటి రెండు సెకన్లు ఇవ్వాలి. ఇంజిన్ వణికి ఆగిపోబోవాలి లేదా ఆగిపోవాలి. తీయగానే మళ్లీ నిలకడ పడాలి. అలా జరిగితే వాల్వ్, ఆయిల్ దారి, ఫేజర్ మూడూ బతికే ఉన్నాయని ఒక్క దెబ్బతో తెలుస్తుంది. ఏమీ జరగకపోతే ఫేజర్ దాకా ఆయిల్ వెళ్లడం లేదు, లేదా వెళ్లినా కదలడం లేదు. ఇది మీరు ఒంటరిగా చేయకండి, షెడ్డులో చేయించండి. ఈ పరీక్ష చేయకుండా ఫేజర్ మార్చమన్న గ్యారేజీని ఒక్క మాట అడగండి: "వాల్వ్‌కు డైరెక్ట్ కరెంటు ఇచ్చి చూశారా?" వాళ్ల మొహంలోనే జవాబు తెలుస్తుంది.

గ్యారేజీ చెప్పిందే నిజమయ్యే సందర్భాలు కూడా చెప్పాలి కదా. పొద్దున మొదటి స్టార్టులో రెండు మూడు సెకన్లు గలగలమని డబ్బాలో రాళ్లు కదిపినట్టు శబ్దం వచ్చి ఆగిపోతే ఫేజర్ పిన్ను అరిగి ఉండొచ్చు, చైన్‌ను బిగువుగా పట్టే టెన్షనర్‌ది కూడా కావచ్చు. మీరు శబ్దం లేదన్నారు. వాల్వ్ బాగుండి, డైరెక్ట్ కరెంటుకు క్యామ్ కదలకపోతే అప్పుడు ఆయిల్ ప్రెషర్ స్విచ్ తీసి, అక్కడ గేజ్ బిగించి వేడి మీద ప్రెషర్ చూడాలి. డ్యాష్‌బోర్డులో ఆయిల్ లైటు వెలగలేదు కదా అని సరిపెట్టుకోకండి, ఆ లైటు బాగా పడిపోయాకే వెలుగుతుంది, ఫేజర్‌కు అంతకంటే ఎక్కువే కావాలి. ప్రెషర్ తక్కువుంటే ఇంజిన్ కింద ఆయిల్ నిలిచే చాంబర్ దించి, అందులోని స్ట్రైనర్, అంటే ఆయిల్ పీల్చే చోటి జల్లెడ, చూడాలి. ప్రెషర్ బాగుంటేనే ఫేజర్ మీద చెయ్యి వేయాలి. కవర్ విప్పాక లాక్ అయి ఉన్న ఫేజర్ చేతితో తిరగకూడదు. క్యామ్‌ను ముందుకు తిప్పే అడ్వాన్స్ రంధ్రంలోకి 1.5 బార్ గాలి ఇస్తే పిన్ను లేచి మెత్తగా తిరగాలి. అక్కడ పట్టేస్తే మార్చాల్సిందే, నేనూ మారుస్తాను.

అప్పుడు కూడా చైన్, చక్రాల మీది టైమింగ్ గుర్తులు సరిగ్గా కలిపారో లేదో పక్కన నిలబడి చూడండి. క్యామ్ చక్రానికి 36 పళ్లుంటే ఒక్క పన్ను తప్పితే క్రాంక్ లెక్కన 20 డిగ్రీలు తేడా. మంచి ఇంజిన్‌కు పీ0016 రోగం అంటగట్టి పంపడం అంటే అదే.

ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండింటికీ ఫేజర్లున్న ఇంజిన్లలో ఇంకో తమాషా. రెండు వాల్వుల కప్లర్లూ అచ్చం ఒకలాగే ఉంటాయి. కవర్ పని చేశాక తారుమారు చేసి బిగిస్తే పీ0011, పీ0014 జంటగా వస్తాయి. రెండు కోడ్లూ ఒకే రోజు పుట్టాయంటే పార్టుల కంటే ముందు వైర్ల రంగులు చూడండి.

హోండా వీటెక్ ఉన్నవాళ్లు ఇదంతా తమకూ వర్తిస్తుందనుకోకండి. అసలు వీటెక్ పని వాల్వ్ ఎంత ఎత్తు లేస్తుందో మార్చడం, వాల్వులను నొక్కే రాకర్లలో పిన్ను జరిపి. ఆయిల్ శుభ్రత మాత్రం అక్కడా అంతే ముఖ్యం. 2006లో లెక్సస్ ఎల్‌ఎస్ 460తో వచ్చిన రకం వాటిలో ఇన్‌టేక్ క్యామ్‌ను కరెంటు మోటారే తిప్పుతుంది, వాటి పరీక్షలు వేరు.

ఇంజిన్ ఫ్లష్ పోయించనా అని కూడా అడిగారు. వద్దు. పదేళ్ల మడ్డిని ఒక్కసారి కదిలిస్తే అది పోయి చాంబర్‌లోని స్ట్రైనర్‌కో, ఇదే వాల్వ్ జాలీకో పట్టుకుంటుంది. ఆయిల్‌లో డీజిల్ కలిపి తిప్పే పాత పద్ధతి అయితే అసలే వద్దు. సరైన గ్రేడు ఆయిల్, కొత్త ఫిల్టరు, 1,000 లేదా 1,500 కిలోమీటర్లకు మళ్లీ మార్పు. నెమ్మదిగా కడుక్కుంటుంది. శివాజీనగర్ గుజరీలో పాత వాల్వ్ చవగ్గా దొరుకుతుంది, కానీ అది ఏ ఇంజిన్‌లో మడ్డి తిని వచ్చిందో ఎవరికి తెలుసు? మార్చాల్సి వస్తే కొత్తదే తీసుకోండి, పార్ట్ నంబరు పాతదానితో కలిపి చూసి.

పని అయ్యాక కోడ్ చెరిపి, ఓల్డ్ మద్రాస్ రోడ్డులో హొసకోట వైపు ఒక ఆదివారం పొద్దున పోండి. వేడెక్కాక నాలుగో గేరులో 60 మీద రెండు నిమిషాలు, తర్వాత నెమ్మదిగా పక్కకు తీసి ఐడ్లింగ్. ఇలా ఐదారుసార్లు. సిటీలో గంటల తరబడి తిరిగినా రాని జబ్బు ఈ పద్ధతిలో అరగంటలో బయటపడుతుంది. అప్పటిదాకా ఎలక్ట్రానిక్ సిటీ ఫ్లైఓవర్ ఎక్కకండి. అక్కడ ఇంజిన్ ఆగితే స్టీరింగ్ బిగుసుకుంటుంది, బ్రేకు రెండు తొక్కుళ్లకు గట్టిపడుతుంది, పక్కకు తీసే చోటూ ఉండదు.

ముందు మూడు సంగతులు రాయండి: బిల్లులో ఆయిల్ గ్రేడు, బాగున్నప్పుడూ వణికేటప్పుడూ మ్యానిఫోల్డ్ ప్రెషర్, కప్లర్ పీకినప్పుడు ఏమైంది. వాల్వ్ తీయిస్తే కడగక ముందే ఆ జాలీని దగ్గరగా ఫొటో తీయండి. నల్లటి మడ్డి అయితే మనం అనుకున్నదే. మెరిసే రజను కనిపిస్తే దాన్ని తెల్లకాగితం మీద దులిపి, కింద అయస్కాంతం జరిపి చూడండి. కదిలితే అది ఇనుము, అంటే చైనో దాని చక్రాలో అరుగుతున్నాయి, ఆ 42,000 ఎస్టిమేట్ మళ్లీ తీసి చదవాలి. కదలకపోతే బేరింగులవైపు చూడాలి, ఆ పైన బండి నడపకుండా ఫోటో నాకు పంపండి.